జంపరు వైరు

12 అక్టోబరు 2024, దసరా

మిల్లులో ఆయుధపూజ. పొద్దున్నే టెస్టరు, కటింగ్ ప్లయరు, టంగ్ టెస్టరు, మెగ్గరు అన్నీ తుడిచి బెంచీ మీద వరసగా పెట్టాను. నాలుగు బంతిపూలు, తలా ఒక కుంకుమ బొట్టు. మెగ్గరు డబ్బాకి బొట్టు పెడుతుంటే మా ట్రైనీ పిలగాడు కిసుక్కున నవ్వాడు. నవ్వనీ. 500 ఓల్టులు పెట్టి, మోటారు కడుపులో తడి ఉందో లేదో మొహమాటం లేకుండా చెప్పే వస్తువది. అంత నిక్కచ్చిగా మాట్లాడే మనుషులు మిర్యాలగూడ మొత్తం వెతికినా నలుగురు దొరకరు.

తర్వాత మెషీను మెషీనుకీ ఒక కొబ్బరికాయ. క్లీనరు, హస్కరు, పాలిషరు, సార్టెక్సు, బాయిలరు. మెయిన్ ప్యానెలు దగ్గర మాత్రం నేనే కాపలా నిలబడ్డాను. తలుపు మీద పసుపు రాసుకోండి, బొట్లు పెట్టుకోండి, లోపలికి చుక్క నీరు పోకూడదు అని రాత్రే చెప్పి పెట్టాను. పాపం మాట నిలబెట్టుకున్నారు. ప్యానెలు జోలికి ఎవరూ రాలేదు.

14 అక్టోబరు

వడ్లు పైకెత్తే మూడో ఎలివేటరు లేవనంటోంది. స్టార్టు నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

ప్యానెల్లో చూస్తే, మిషన్లని నడిపే పీఎల్‌సీ ఇన్‌పుట్ కార్డు మీద స్టాప్ బటను లైటు వెలగడం లేదు. స్టాప్ బటను ఎప్పుడూ మూసి ఉండే కాంటాక్టు. ఎవరూ నొక్కనంతసేపూ ఆ లైటు వెలుగుతూనే ఉండాలి. నొక్కినా ఆరుతుంది, వైరు తెగినా ఆరుతుంది, స్క్రూ వదులైనా ఆరుతుంది. ఏది జరిగినా మిషను ఆగుతుంది. అందుకే అలా కడతాం అని ట్రైనీకి చెప్పాను.

కిందికి దిగి గోడకున్న బటన్ల బాక్సు మూత విప్పాను. లోపల చీమలు. బారులు తీరి, గ్లాండులోంచి లోపలికి, స్టాప్ బటను వెనక్కి, మళ్లీ బయటికి. మూత అంచున కొబ్బరినీళ్లు ఎండిన చార. ప్యానెలు జోలికి రాలేదు నిజమే. ఈ బాక్సు వాళ్ల కంటికి ప్యానెల్లా ఆనలేదు, అంతే.

పూజకి ముందు స్టాప్ నొక్కి ఆపారు కదా, అప్పుడు విడివడిన కాంటాక్టు మీద తియ్యటి పొర కట్టింది. బటను మళ్లీ యథాస్థానానికి వచ్చింది, కానీ రెండు వెండి బిళ్లల మధ్య చక్కెర. పాత రోజుల్లో కంట్రోలు 230 ఓల్టులుండేది, ఆ దెబ్బకి ఇలాంటి పొర ఒక మెరుపు మెరిసి కాలిపోయేది. ఇప్పుడు 24 ఓల్టులు, కొద్ది మిల్లీ ఆంపియర్లు. మనిషికి ఏమీ కాదు, చీమకీ ఏమీ కాదు, చక్కెరకీ ఏమీ కాలేదు. కాంటాక్టు బ్లాకు మార్చి, బాక్సుకి కొత్త రబ్బరు గ్యాస్కెట్ వేశాను. సేటుకి చీమల సంగతి చెప్పలేదు. "లూజు కాంటాక్టు" అన్నాను. మా వృత్తిలో సగం పాపాలు ఆ మాట కింద దాగుతాయి.

20 అక్టోబరు, ఆదివారం

ఇంటి మీద ట్యాంకు మళ్లీ పొర్లింది. మిల్లులో లారీల కొద్దీ వడ్లు బటన్ల మీద ఆడించే మనిషికి వెయ్యి లీటర్ల ట్యాంకు ఆపడం రాదని మా ఆవిడ పక్కింటావిడతో అంటోంది, నాకు వినపడేలాగానే.

ఆ కంట్రోలరు నిరుడు నా చేత్తో చేసిందే. ట్యాంకులోకి మూడు స్టీలు కడ్డీలు దించాను. అడుగు దాకా ఉన్నదానికి ప్లస్ 12 ఓల్టులు. మిగతా రెండూ కింది మట్టానికి ఒకటి, పై మట్టానికి ఒకటి. నీళ్లు తగిలితే కడ్డీ నుంచి కడ్డీకి కాస్త కరెంటు పారుతుంది, ఆర్డుయినో అనే చిన్న బోర్డు అది చూసుకుని మోటారు వేస్తుంది, ఆపుతుంది. ఇవాళ మూత తీసి ప్లస్ కడ్డీ పైకి లాగితే జానెడు ముక్కే వచ్చింది. మిగిలిన కొస చీకేసిన ములక్కాడ పీచులా ఉంది. మా బోరు నీళ్లలో ఉప్పెక్కువ. ఏడాది పొడవునా డీసీ కరెంటు ఆ కడ్డీని కొంచెం కొంచెంగా నీళ్లలోకి కరిగించింది. అదే ఏసీ ఇచ్చి ఉంటే కరెంటు అటూ ఇటూ మారుతూ ఉంటుంది కాబట్టి ఇంత తినేది కాదు. ఐటీఐలో ఎలక్ట్రోప్లేటింగ్ పాఠం పరీక్షకి చదివాను, ట్యాంకు దగ్గర గుర్తు రాలేదు.

కడ్డీ పోవడం కాదు నాకు సిగ్గనిపించింది. కడ్డీ పోతే కరెంటు పారదు, కరెంటు పారకపోతే నా ప్రోగ్రాము "ట్యాంకు ఖాళీ" అనుకుంటుంది, మోటారు వేస్తుంది. మిల్లులో స్టాప్ బటను గురించి ట్రైనీకి అంత పాఠం చెప్పినవాణ్ని, ఇంట్లో వైరు తెగితే మోటారు నడిచేలా కట్టుకున్నాను.

సాయంత్రానికి కడ్డీలు పీకేసి అయస్కాంతం ఫ్లోటు స్విచ్చి పెట్టాను. నీళ్లు పైకొస్తే తెరుచుకుంటుంది. వైరు తెగినా నిండినట్టే లెక్క. ఏది ఎలా పోయినా 40 నిమిషాలు దాటి మోటారు నడవకుండా టైమరు. ఇంకో తలనొప్పి కూడా తీరింది: మోటారు ఆగినప్పుడల్లా ఆర్డుయినో బిగుసుకుపోయేది. కాంటాక్టరు కాయిలు వదిలేటప్పుడు కొట్టే ఓల్టేజీ తన్ను అది. కాయిలుకి అడ్డంగా ఒక చిన్న కెపాసిటరు, వంద ఓముల రెసిస్టరు వేస్తే నోరు మూసుకుంది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి డబ్బా మీద స్కెచ్ పెన్నుతో రాసింది: "ఇది పొర్లితే నాన్నని పిలవండి."

3 నవంబరు

దీపావళి అయిందో లేదో వానాకాలం వడ్లు మీదపడ్డాయి. సాగర్ ఎడమ కాలువ కింద కోతలు ఊపందుకున్నాయి. గేటు బయట ట్రాక్టర్లు రోడ్డు మీదికి బారులు. నానబెట్టే ట్యాంకులు ఖాళీ ఉండటం లేదు, బాయిలరు ఆగడం లేదు, ఊక కుప్ప ప్రహరీ గోడని మించింది. ఇంట్లో అన్నం తినే వేళ పోయింది.

ఇలాంటప్పుడే మూడో ఎలివేటరు రాత్రిపూట ట్రిప్పవుతోంది. స్క్రీన్ మీద "స్పీడ్ ఫాల్ట్". పగలంతా బుద్ధిమంతుడిలా తిరుగుతుంది.

5 నవంబరు

నిన్న రాత్రి మూడుసార్లు. సెన్సారు మార్చాను. మళ్లీ పడింది. కేబులు మార్చాను. మళ్లీ. ఎలివేటరు ఆగితే దానికి వడ్లు తెచ్చే కన్వేయరు కూడా వెంటనే ఆగాలి, ఆగుతోంది కూడా. లేకపోతే ఎలివేటరు అడుగున వడ్లు పడే బూటు నిండిపోయి, హమాలీలు గోతిలోకి దిగి తడి వడ్లు చేతుల్తో తోడాలి. అయినా ఆగినప్పుడల్లా అరగంట పోతుంది.

సేటు పొద్దున పిలిచాడు. "గా సెన్సారుకు జంపర్ ఏసెయ్. సీజన్ అయినంక సూద్దాం."

జంపరంటే సెన్సారుని పక్కకి తప్పించి ఒక వైరుతో కలిపేయడం. వెయ్యనన్నాను. ఇలాంటి మాట ఆయన మొహం మీద అనడం నాకు ఇదే మొదటిసారి. ఎలివేటరు జామయితే పైన డ్రమ్ము బెల్టు మీద జారుతుంది, రబ్బరు కాలుతుంది, చుట్టూ అంతా ఊక దుమ్ము. చెప్పాను. "రెండు రోజులే నీకు టైము" అన్నాడు. బయటికొచ్చాక కాళ్లు వణికాయి.

7 నవంబరు, తెల్లవారుజాము 4

నిద్ర రావడం లేదు, రాసేస్తాను.

రాత్రి ఒంటిగంటకి బూటు గోతిలోకి దిగి కూర్చున్నాను. నానిన వడ్ల పుల్లటి వాసన, గోడల వెంట ఆవిరి చెమట. కింది పుల్లీ షాఫ్టు చివర ఒక బోల్టు తల ఉంది. దాని ఎదురుగా బొటనవేలంత లావు ప్రాక్సిమిటీ సెన్సారు. బోల్టు ఎదురుగా వచ్చినప్పుడల్లా సెన్సారు వెనక పసుప్పచ్చ దీపం మిణుక్కుమంటుంది. మూడు సెకన్లు ఏ మిణుకూ లేకపోతే షాఫ్టు ఆగిందని పీఎల్‌సీ లెక్క.

పీట వేసుకుని ఆ దీపాన్నే చూస్తూ కూర్చున్నాను. మిణుకు, మిణుకు, మిణుకు. సెకనుకి ఒకటి. కళ్లు మూతలు పడుతున్నాయి. రెండు దాటాక ట్యాంకు కిందనుంచి తడి వడ్లు వదిలారు, బకెట్లు బరువెక్కిన చప్పుడు మారింది. మిణుకు. మిణుకు. ఒకటి తప్పింది. నా కన్నే తప్పిందేమో అనుకున్నా. ఇంకొకటి తప్పింది. మళ్లీ నాలుగు వచ్చాయి. తర్వాత వరసగా మూడు రాలేదు, పైన కాంటాక్టరు టక్కున వదిలేసింది. షాఫ్టు మాత్రం ఆ మూడు సెకన్లూ చక్కగా తిరుగుతూనే ఉంది, నా కళ్లముందే.

ఫీలరు గేజీ పెట్టాను. ఈ సెన్సారు 5 మిల్లీమీటర్ల దాకా ఇనుముని పసిగడుతుంది. ఆగిన షాఫ్టు మీద ఖాళీ దాదాపు అయిదు. అంచు మీద నిలబడి ఉంది. చేత్తో షాఫ్టుని కిందికి నొక్కితే కదిలింది. ఇంకో మిల్లీమీటరు. బేరింగు పోయింది! పగలు పొడి వడ్లతో తేలిగ్గా తిరిగినప్పుడు ఖాళీ సరిపోతుంది, రాత్రి తడి వడ్ల బరువు పడగానే షాఫ్టు దిగుతుంది, బోల్టు దూరమవుతుంది. దానికి తోడు పోయిన నెల బెల్టు బిగించినప్పుడు పుల్లీని కిందికి లాగారు, సెన్సారు బ్రాకెట్టు ఉన్నచోటే ఉండిపోయింది. ఎవరూ జరపలేదు. ఎవరూ అంటే నేను.

గోతి పైన నిలబడి చూస్తున్న బీహార్ హమాలీ తన సగం తెలుగులో, "బేరింగ్ నాలుగు రోజుల సంది అరుస్తుంది సార్" అన్నాడు. మరి చెప్పలేదేం అంటే, "మీరు కంప్యూటర్ చూస్తున్నరు గదా" అన్నాడు.

బేరింగు మార్చేసరికి మూడున్నర. పాతది చేతిలో తిప్పితే గులకరాళ్ల డబ్బాలా మోగింది. జంపరు వేసి ఉంటే సీజను మధ్యలో ఏదో ఒక రాత్రి ఇది బిగుసుకుపోయేది.

10 నవంబరు

సేటు ఏమీ అనలేదు. టీ పంపించాడు. అదే ఆయన భాష.

ట్రైనీ పిలగాడు ఇవాళ మంచి ప్రశ్న అడిగాడు. "బాయిలర్ ప్రెషర్ సున్నా ఉన్నప్పుడు ట్రాన్స్‌మీటర్ సున్నా పంపియ్యాలె గదన్నా, నాలుగు మిల్లీ ఆంపియర్లు ఎందుకు పంపుతది?" మీటరు చేతికిచ్చి, లూపులో వైరు ఒకటి ఊడదీయమన్నాను. సున్నా చూపించింది. "ఇప్పుడు బాయిలర్ చల్లారిందా, వైరు ఊడిందా?" కాసేపు తల గోక్కుని నవ్వాడు. అర్థమైంది. మాది 0 నుంచి 10 బార్. నాలుగంటే సున్నా, పన్నెండంటే 5 బార్, ఇరవై అంటే 10. నాలుగుకి బాగా కిందికొస్తే అది ప్రెషర్ కాదు, కష్టం.

ఆ ఊపులో పీఎల్‌సీ పుట్టుక కూడా చెప్పాను. అమెరికాలో కార్ల ఫ్యాక్టరీల్లో గోడ పొడవునా రిలే బీరువాలుండేవి. మోడల్ మారిందంటే వైరింగంతా విప్పి మళ్లీ కట్టాలి. ఆ బాధకి విరుగుడుగా డిక్ మోర్లీ అనే ఆయన 1968 జనవరి 1న ఆలోచన కాగితం మీద పెట్టాడు. తయారైన మోడికాన్ మిషనుకి 084 అని పేరు, వాళ్ల కంపెనీలో అది 84వ ప్రాజెక్టు కాబట్టి. దాని ప్రోగ్రాముని రిలేల డ్రాయింగులాగే నిచ్చెన మెట్లుగా గీసేలా పెట్టారు, స్పానరు పట్టుకున్నవాడికీ అర్థం కావాలని. ఈ ఒక్క తెలివికి ఆ మహానుభావులకి నేను రుణపడి ఉన్నాను. లేకపోతే ఐటీఐ చదివిన నాలాంటివాడు ఈ ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడే కాదు.

17 నవంబరు, ఆదివారం

ఊరికి వెళ్లాను. నాయిన బోరు మోటారు కాలింది. యాసంగి నారు పోసే ముందు ఇదొకటి.

స్టార్టరు డబ్బా వేప చెట్టు కింద, కరెంటు రాగానే తనే మోటారు వేసే ఆటో స్టార్టరు ఇంకా దానికి వేలాడుతోంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, ఇక ఆటోలు పీకేయండి, నీళ్లు ఊరికే పోతాయి అని ఊరూరా చెప్పారు. నాయిన పీకలేదు. ఆయన్ని తప్పుపట్టలేను. వంతుల వారీ కరెంటు రోజుల్లో అర్ధరాత్రి లైటు పట్టుకుని పొలానికి నడిచిన మనిషి. పాములు, తడి గట్లు, షాకు కొట్టే ఇనుప డబ్బాలు. ఆటో స్టార్టరు వచ్చాక ఆయన రాత్రి పడుకున్నాడు. ఆ నిద్ర విలువ ఏ ఇంజినీరూ లెక్క కట్టలేదు.

మెగ్గరు పెట్టాను. సూది సున్నా మీద పడుకుంది. వైండింగు పోయింది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక ఫ్యూజు పోయి మూడు ఫేజుల్లో ఒకటి రాలేదు. మిగిలిన రెంటి మీద మోటారు మూలుగుతూ అంతే పని లాగబోతే ఆ రెండు వైర్లలో కరెంటు దాదాపు ఒకటీ ముప్పావు రెట్లకి పెరుగుతుంది. ఓవర్‌లోడు రిలే పట్టుకోవాలి. మోటారు నేమ్‌ప్లేటు మీద 9 ఆంపియర్లు, రిలే ముల్లు 14 మీద ఉంది. సరే, అది కాకపోతే సింగిల్ ఫేజ్ ప్రివెంటరు ఉంది కదా, అది ఎందుకు ఊరుకుంది?

టార్చి వేసి చూశాను. ప్రివెంటరు కాంటాక్టు మీద ఈ చివర నుంచి ఆ చివరకి బెత్తెడు ఎర్ర వైరు. కొసలు రెండూ శుభ్రంగా మెలిపెట్టి, లుగ్గులు కొట్టి, వంపు నీటుగా తిప్పి ఉంది. పల్లెటూరి మెకానిక్కులు ఇంత ముద్దుగా జంపరు వేయరు.

"ఎవరేసిండ్రు నాయినా ఇది?"

"నువ్వే కదరా. లో ఓల్టేజికి ఊకె పడిపోతాందని మొన్న ఏసినవ్."

ఆయన మొన్న అంటే అయిదేళ్లు. పండక్కి వచ్చినప్పుడు, బస్సుకి టైమైపోతుంటే, పది నిమిషాల్లో. అప్పుడు ఫేజుల మధ్య ఓల్టేజీ తేడా ఎక్కువుండేది, ప్రివెంటరు గంటకోసారి పడేది, మడి ఎండుతోంది. వచ్చే వారం వచ్చి సరిచేస్తానన్నాను.

రివైండింగుకి ఎనిమిది వేలు. ఇస్తానంటే నాయిన తీసుకోలేదు. "మోటర్ అన్నంక కాలదా" అన్నాడు, నా వైపు చూడకుండా, బీడీ వెలిగించుకుంటూ. తిట్టి ఉంటే బాగుండేది. కొత్త ప్రివెంటరు వేసి, రిలే ముల్లు 9 మీదికి తెచ్చి, ఎర్ర వైరు జేబులో వేసుకుని వచ్చాను.

24 నవంబరు, ఆదివారం

బాయిలరు ట్యూబులు గీకడానికి మిల్లు ఒక పూట ఆపారు. ట్రైనీని వెంటబెట్టుకుని ప్యానెళ్లన్నీ విప్పాను. డ్రాయింగులో లేని వైరు ఏది కనపడినా చూపించమన్నాను. ఫ్యాన్ డ్రైవు తలుపు తీసేటప్పుడు మాత్రం చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. మెయిన్ ఆపినా లోపలి కెపాసిటర్లలో 580 ఓల్టుల దాకా డీసీ నిలిచి ఉంటుంది. పది నిమిషాలు ఆగి, మీటరు పెట్టి చూసి, అప్పుడు చెయ్యి.

మధ్యాహ్నానికి నాలుగు జంపర్లు. రెండు నాకు ముందున్నవాళ్లవి. ఒకటి ఎవరిదో తెలియదు, దేనికో కూడా తెలియదు, తీసినా ఏ తేడా లేదు.

నాలుగోది బాయిలరుకి ఊక మోసే కన్వేయరు ప్యానెల్లో. పక్కన నడవా పొడవునా తాడు ఉంటుంది, మనిషి చెయ్యో కండువానో పట్టుకుపోతే లాగడానికి. ఆ తాడు స్విచ్చి మీద జంపరు. వైరు మీద తెల్ల టేపు చుట్టి ఉంది, టేపు మీద బాల్ పెన్నుతో అక్షరాలు. పిలగాడు దగ్గరికి వంగి బయటికే చదివాడు. "రేపు తీయాలి." తేదీ లేదు. తర్వాత నా మొహం చూశాడు. లాగ్‌బుక్కులో వాడికి రోజూ కనపడే చేతిరాతే.

తీసేశాను. కన్వేయరు స్టార్టు నొక్కితే లేవలేదు. తాడు దగ్గరికెళ్లి స్విచ్చి విప్పితే లోపల స్ప్రింగు తుప్పు పట్టి, కాంటాక్టు తెరిచినచోటే అతుక్కుపోయి ఉంది. అంటే ఇన్నాళ్లూ ఆ తాడు ఉత్త తాడే. స్టోర్‌లో వెతికాను, స్పేరు లేదు. హైదరాబాదు నుంచి తెప్పించాలి, రెండు రోజులు.

సాయంత్రం బాయిలరు వెలిగించే వేళకి సేటు వచ్చాడు. జంపరు మాట ఆయన ఎత్తక ముందే జేబులోంచి ఎర్ర వైరు తీసి బల్ల మీద పెట్టి, ఇది నాయిన మోటారుది అని చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొత్త స్విచ్చి ఇండెంటు మీద సంతకం పెట్టాడు.

ఇప్పుడు రాత్రి పది. కింద నలుగురు హమాలీలు ఊక తట్టలతో మోసి బాయిలరులో పోస్తున్నారు. నన్ను తిడుతున్నారు. ఒక గంట నేనూ మోశాను, నడుం పట్టేసింది.